ఈ వారం సమస్య: చదువని పుస్తకమె నాకు చదువును నేర్పెన్

నిర్వాహకుడు: డిసెంబరులో హైదరాబాద్ బుక్‌ఫెయిర్ నుంచి తెచ్చిన నవలల కవర్లు మా ఇంట్లో ఇంకా విప్పలేదు. వాటిని బీరువాలోకి తోస్తుంటే ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా వచ్చేలా మిగతా మూడు పాదాలూ రాసి కంద పద్యం పూరించాలి. ఇంట్లో నవలల గుట్ట ఉన్నవాళ్లంతా రాయండి, అంటే అందరూ. సంజాయిషీలు పద్యంలోనే చెప్పుకోండి.

మిర్యాలగూడ సారు:

ఎదురుగ గుట్టగ నవలలు
కదలక నిలిచినవి; చూచి కనులే వాలెన్;
వదలక సొమ్మును దాచగ
చదువని పుస్తకమె నాకు చదువును నేర్పెన్.

గడియారం సెంటర్: సారూ, నమస్కారం. మొదటి పాదం బాగుంది. 'కనులే వాలెన్' మాత్రం పాదం మొదట్లోని 'క'కు యతి అక్షరం కుదరడం కోసం పిలిస్తే వచ్చిన చుట్టంలా ఉంది. కళ్లు వాలింది సిగ్గుతోనా, నిద్రతోనా?

మిర్యాలగూడ సారు: సిగ్గుతోనే. నిద్ర అనిపించిందంటే నవలలతో అది మీ అనుభవం.

నిర్వాహకుడు: అప్పుడే మొదలా! సారు పూరణ నిర్దోషం. డబ్బు దాచుకోవడమనే భావం పాతదే అయినా హాయిగా నడిచింది.

పాలమూరు పిల్లలమర్రి: గుట్ట గురించి అందరూ రాస్తారు. నేను విరుపు పట్టుకున్నాను.

నిదురను మాన్పుచు రాతిరి
పదములు రారమ్మటంచు పలుకుచు చేతన్
తుదివరకును నన్ విడువక
"చదు"వని పుస్తకమె నాకు చదువును నేర్పెన్.

వనపర్తి అక్క: చదువు + అని! తమ్మీ, శభాష్. చదవకుండా పడేసిన పుస్తకం కాస్తా చదువు చదువు అని వెంటపడే పుస్తకం అయిపోయింది. 'తుదివరకును నన్ విడువక' అన్నది మంచి నవలకు సరిగ్గా సరిపోయే మాట. రాత్రి రెండింటికి లైటు తీసేయమని ఇంట్లో కేకలు వేయించే రకం.

గడియారం సెంటర్: ఒక్క సందేహం. విధి అయితే 'చదువుము' కావాలి కదా. 'ము' ఎటు పోయింది?

పాలమూరు పిల్లలమర్రి: 'ము' లోపించినా చెల్లుతుంది అన్నా. 'చూడు' అంటారు, 'చూడుము' అనీ అంటారు. పద్యంలో రెండూ ఉన్నాయి. పోయిన ఏడు మీరే 'వినుము' అనాల్సిన చోట 'విను' అన్నారు, నేనేమీ అనలేదు.

గడియారం సెంటర్: అనలేదు సరే, గుర్తుపెట్టుకున్నావుగా. పద్యం బాగుందని ఒప్పుకుంటున్నా. కాకపోతే ఇట్లాంటి విరుపులు అవధానాల్లో చాలా పాతవి.

పాలమూరు పిల్లలమర్రి: పాతవే. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానం చేసిన నేల మాది, విరుపులు మాకు కొత్తేమీ కాదు.

గడియారం సెంటర్: వచ్చారు, వెళ్లారు. మా నల్లగొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక నడిచింది.

పాలమూరు పిల్లలమర్రి: తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు 1934లో 354 మంది పేర్లతో జవాబు చెప్పిన సురవరం ప్రతాపరెడ్డి ఏ జిల్లా వారో కూడా చెప్పండి.

గడియారం సెంటర్: మహబూబ్‌నగరే, కాదన్నదెవరు? ఇంతకీ ఆ గోలకొండ కవుల సంచిక నీ దగ్గర ఉందా?

పాలమూరు పిల్లలమర్రి: ఉంది. రీప్రింటు.

గడియారం సెంటర్: చదివావా?

మిర్యాలగూడ సారు: తమ్మీ, సమాధానం చెప్పకు. ఈ వారం సమస్య అదే.

కొల్లాపూర్ మామిడి: మీ జిల్లాల గొడవ మధ్యలో నాదొకటి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత నవలలు కొనే జబ్బు ఉన్నవాళ్లకు అంకితం.

ఇది కొంటిని యది కొంటిని
పదివేలాయె నవలలకు పంటల సొమ్మే
వదినె తలుపు తెరిచి నవ్వి
చదువని పుస్తకమె నాకు చదువును నేర్పెన్.

గడియారం సెంటర్: మూడో పాదం చివర 'చి నవ్వి'. బేసి గణం. కందంలో అక్కడ రాకూడని జగణం. నేనింకేమీ చెప్పను.

వనపర్తి అక్క: చెప్పనంటూనే మొత్తం చెప్పేశారు. మామిడీ, 'నవ్వి' తీసేసి 'నగన్' పెట్టు, సరిపోతుంది. 'వదినె తలుపు తెరిచి నగన్'. అన్వయం కూడా కుదురుతుంది. నీ పాఠంలో వదినె నవ్వింది, పుస్తకం నేర్పింది, మధ్యలో వాక్యం తెగిపోయింది.

కొల్లాపూర్ మామిడి: అక్కా, దండాలు. 'నగన్' అనగానే వదినె నగ అడిగినట్టు కూడా వినిపిస్తోంది. పదివేలు పుస్తకాలకు పోయాక ఆ మాట ఇంట్లో రానే వచ్చింది.

పాలమూరు పిల్లలమర్రి: తప్పు దిద్దితే శ్లేష కూడా వచ్చింది. మామిడి అన్న అదృష్టం. అక్కా, మీ పూరణ ఏది?

వనపర్తి అక్క: నా గుట్టలో అన్నీ వీక్లీల్లోంచి సీరియల్ చింపి బైండు చేయించిన నవలలు. సగం వాటికి చివరి వారం కాగితాలు లేవు, అందుకే మొదలుపెట్టను. హంతకుడు ఎవరో ఎప్పటికీ తెలియదంటే ఎంత టెన్షనో మీకేం తెలుసు. కాబట్టి వేరే పుస్తకం తీసుకున్నాను.

అదె పాసుపుస్తకమ్మని
కుదురుగ బీరువను దాచి, కొలిచిన పిదపన్
పది గుంటలు తగ్గెనుగద!
చదువని పుస్తకమె నాకు చదువును నేర్పెన్.

మిర్యాలగూడ సారు: అమ్మా, ఇది పూరణ! నవలల గుట్ట మీద ఇచ్చిన పాదాన్ని పొలం గట్టు మీదికి తీసుకుపోయారు. ప్రతి ఇంట్లో బీరువాలో చీరల కింద ఉండేది, ఎవరూ విప్పనిది ఈ పుస్తకమే. నేను ఇందాకే మాది తీసి చూశాను. పేరులో ఒక అక్షరం తేడా ఉంది. రేపు దాని పని చూడాలి.

గడియారం సెంటర్: పద్యం నడక బాగుంది. కానీ పాసుపుస్తకం నవల ఎట్లా అవుతుంది?

వనపర్తి అక్క: పాదంలో పుస్తకమనే ఉంది, నవల అని లేదు. అయినా సర్వేయరు గొలుసు పట్టుకుని గట్టు మీద నిలబడ్డప్పుడు ఉండే ఉత్కంఠ ఏ సీరియల్లోనూ లేదు.

గడియారం సెంటర్: పది గుంటలంటే పావెకరం అక్కా. ప్రాస కోసం పావెకరం పోగొట్టుకున్నారా?

వనపర్తి అక్క: పోయిన నెల పద్యంలో నాగార్జునసాగర్‌కు ఇరవై ఎనిమిది గేట్లు ఎత్తినవాళ్లు మా పొలం కొలతలు అడగొద్దు. ఉన్నవి 26.

కొల్లాపూర్ మామిడి: హ హ హ. ఆ రెండు గేట్లు ఎక్కడివి అన్నా?

గడియారం సెంటర్: యతి. పాదం 'నిండుగ'తో మొదలైంది. నాలుగో గణం 'ని'తో రావాలి. 'ఇరువదె', 'నిమిది' అని విరిగింది. ఇంకేం చేయమంటారు?

మిర్యాలగూడ సారు: డ్యామ్ కట్టిన ఇంజినీర్లకు మీ యతి సంగతి తెలిసి ఉంటే రెండు గేట్లు అదనంగా పెట్టేవారు.

పాలమూరు పిల్లలమర్రి: అన్నా, 'నిండుగ' తీసి 'అండగ' పెట్టండి. ప్రాస 'ండ' అట్లాగే ఉంటుంది. 'ఇరువది', 'యారు' అని విరుగుతుంది, 'అ'కు 'యా' యతి చెల్లుతుంది. 'యారు'కూ 'నిమిది'కీ మాత్రలు సమానమే.

గడియారం సెంటర్: నెల రోజులు ఇది దాచుకుని కూర్చున్నావా?

పాలమూరు పిల్లలమర్రి: మీరు అడగలేదు.

నిర్వాహకుడు: ఆ దిద్దుబాటు సాగర్ సమస్య కింద పెట్టండి, ఇక్కడ వద్దు. గడియారం సెంటర్ గారూ, ఈ వారం అందరి పద్యాలూ చూశారు. మీ పూరణ ఇంకా రాలేదు. ఆదివారం రాత్రి వరకు గడువు.