రెండవ జాన్ పాల్ పోపుగారికి పునీత పట్టం (సెయింట్ హోదా) తొందరపడి ఇచ్చారా?

విచారణబిడ్డ: జగద్గురువు రెండవ జాన్ పాల్ 2005 ఏప్రిల్ 2న చనిపోయారు, 2014 ఏప్రిల్ 27న పునీతుడయ్యారు. అదే రోజు పట్టం పొందిన 23వ జాన్ పోపుగారు పోయింది 1963లో. ఒకరికి యాభై ఏళ్లు పడితే ఇంకొకరికి తొమ్మిదే. చనిపోయాక ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని కూడా ఆయన తర్వాత వచ్చిన బెనెడిక్ట్ పోపుగారు పక్కన పెట్టేశారు. ఇంత హడావుడి ఎందుకు? ఆయనంటే నాకు గౌరవమే, ముందే చెప్తున్నా.

లూర్దుమాత_భక్తుడు: అంత్యక్రియల రోజునే జనం 'వెంటనే పునీతుణ్ణి చేయండి' అని అరిచారు. 1981 మే 13న వాటికన్ చౌకులో ఆయన్ని కాల్చిన అలీ అగ్జా దగ్గరికి 1983లో జైలుకే వెళ్లి, పక్కన కుర్చీ వేసుకుని మాట్లాడి వచ్చారు. 1979లో పోలండ్ వెళ్తే అక్కడి కమ్యూనిస్టు సర్కారుకు చెమటలు పట్టాయి. 1986లో మద్రాసు వచ్చినప్పుడు మా అమ్మ గుంటూరు నుంచి రాత్రంతా రైల్లో నిలబడి వెళ్లింది. మాకు ఆ తొమ్మిదేళ్లు కూడా ఆలస్యమే.

ప్రశ్నార్థకం: మీ అమ్మగారి భక్తికి దండం. కానీ పునీతుల కేసుల్లో ఎదురు వాదించే 'సైతాను వకీలు'ను 1983లో తీసేసింది ఎవరు? ఈయనే. యాభై ఏళ్ల గడువును ఐదుకు దించిందీ ఈయనే. తన హయాంలో 482 మందిని పునీతుల్ని చేశారు. దారి ముందే చదును చేసి పెట్టుకున్నట్టు లేదూ?

లూర్దుమాత_భక్తుడు: తీసేయలేదు! ఆ పదవి ఇప్పటికీ ఉంది. పని మారింది, అంతే. తెలియకుండా రాయకండి.

ప్రశ్నార్థకం: ఎదురు వాదించే పని తీసేశాక పదవి ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

లూర్దుమాత_భక్తుడు: మదర్ తెరిసా కేసులో క్రిస్టఫర్ హిచెన్స్ లాంటి నాస్తికుణ్ణి పిలిచి మరీ వాంగ్మూలం తీసుకున్నారు. ఎదురు వాదన లేదంటారేంటి? 'తీసేశారు' అన్న మాట వెనక్కి తీసుకోండి.

కొల్లేరుకొంగ: ఆ పదవి 1587 నాటిది. మీ గొడవ దానికంటే పాతదిలా ఉంది.

ప్రశ్నార్థకం: సరే, పదవి సంగతి వదిలేద్దాం. లీజియన్ ఆఫ్ క్రైస్ట్ అనే ఫాదర్ల సంఘం పెట్టిన మార్సియాల్ మాసియెల్ మీద అతని పాత శిష్యులే 1998లో వాటికన్‌కు ఫిర్యాదు చేశారు, చిన్నప్పుడు తమను పాడు చేశాడని. 2004లో ఈ పోపుగారు అదే మాసియెల్‌ను అందరి ముందూ మెచ్చుకున్నారు. పరిచర్య మానుకుని ప్రార్థన, ప్రాయశ్చిత్తంలో బతకమని అతనికి చెప్పింది 2006లో బెనెడిక్ట్ పోపుగారు. దీనికేమంటారు?

లూర్దుమాత_భక్తుడు: పోలండ్‌లో రహస్య పోలీసులు మంచి ఫాదర్ల మీద ఇలాంటి నిందలే పుట్టించేవారు. అది కళ్లారా చూసిన మనిషి. ఫిర్యాదు రాగానే నమ్మకపోవడం ఆయనకు అక్కడ అలవాటైంది. లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చిన అమెరికా కార్డినల్ మెకారిక్ మీద 2020లో వాటికన్ వేసిన నివేదికలో కూడా ఆ మాట ఉంది, చదవండి.

ప్రశ్నార్థకం: చదివాను. మెకారిక్ గురించి 1999లో హెచ్చరిస్తూ ఉత్తరం రాసింది కమ్యూనిస్టా? న్యూయార్క్ కార్డినల్ ఓకానర్! సొంత ఇంటి మనిషి. అయినా 2000లో మెకారిక్‌కు వాషింగ్టన్ అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ పదవి) ఇచ్చారు, మరుసటి ఏడాది కార్డినల్‌ను చేశారు. నేను తప్పు చేయలేదని మెకారిక్ రాసిన ఉత్తరాన్ని నమ్మారు.

లూర్దుమాత_భక్తుడు: మోసపోవడం పాపమా? మీకు శ్రీసభ (కతోలిక చర్చి) మీదే కోపం. పోపుగారు వంక మాత్రమే.

ప్రశ్నార్థకం: కోపమే, దాచను. మా విచారణలో (పారిష్‌లో) హాస్టల్ పిల్లల విషయంలో ఒక ఫాదర్ మీద మా చిన్నాన్న ఫిర్యాదు ఇచ్చాడు. శ్రీసభ పరువు తీయొద్దని జవాబు వచ్చింది. కొన్నాళ్లకు ఆ ఫాదర్‌ను బదిలీ చేశారు. వీడ్కోలు సభలో శాలువా కప్పి, యాపిల్ పళ్ల దండ వేశారు. మా చిన్నాన్నను ఆదివారం పూజలో పలకరించేవాడు లేడు.

సిస్టర్‌గారి_తమ్ముడు: మీ ఊరి ఫాదర్‌కూ రోమ్‌కూ ఏంటి సంబంధం?

లూర్దుమాత_భక్తుడు: అదే నేనూ అడుగుతున్నా. మా అమ్మకు పార్కిన్సన్స్. ఆయనకూ అదే జబ్బు. చేతులు వణుకుతూ, నోట మాట రాకపోయినా కిటికీ దగ్గరికొచ్చి దీవించిన మనిషి. అమ్మ మంచం పక్కన ఆయన పటం ఉంది, దాన్ని తీసేయమంటారా? పునీతుడంటే తప్పు చేయనివాడని ఎవరన్నారు? పేతురుగారు మూడుసార్లు బొంకలేదా?

ప్రశ్నార్థకం: పటం జోలికి నేను రాలేదు. పేతురుగారు బొంకిన సంగతి సువార్తలోనే రాసిపెట్టారు, ఏటా గుడ్ ఫ్రైడేకు చదువుతున్నాం. మరి అక్టోబర్ 22న ఈయన పండుగ పూజలో మాసియెల్ పేరు ఎవరైనా ఎత్తారా? నాకు కావలసింది పట్టం రద్దు కాదు, ఆ మాట ప్రసంగంలో వినబడటం.

లూర్దుమాత_భక్తుడు: పూజలో చెప్తే మర్నాడు ఊరంతా పాకుతుంది. మనం ఉన్నదే గుప్పెడు మందిమి. ఇప్పటికే మన స్కూళ్ల మీద, హాస్టళ్ల మీద ఎవరెవరి కళ్లున్నాయో తెలియదా? ఇంటి గుట్టు మనమే బయట పెట్టుకోవాలా?

విచారణబిడ్డ: నేనడిగింది తొమ్మిదేళ్ల సంగతి అండీ.

ప్రశ్నార్థకం: భక్తుడు గారూ, మా చిన్నాన్నకు చెప్పింది అచ్చం ఈ మాటే.

లూర్దుమాత_భక్తుడు: మీ చిన్నాన్న కాగితం మీద ఎంతమంది సంతకాలు పెట్టారు?

ప్రశ్నార్థకం: ఆయనొక్కడే. మిగతావాళ్ల పిల్లలు అదే హాస్టల్లో ఉన్నారు, సీటు పోతుందని పెట్టలేదు.