జీఎస్‌బీ తేమ: కార్బైడ్ మీటర్ని నమ్మాలా, ఓవెన్‌నా?

గట్టుదారి: అమలాపురం దగ్గర కాలువగట్టు రోడ్డుకి జీఎస్‌బీ (రోడ్డు అడుగున పరిచే గ్రావెల్ పొర) పరిచాం. కార్బైడ్ మీటర్లో (మట్టిలో నీటికి కార్బైడ్ తగిలి పుట్టే గ్యాసుని బట్టి తేమ చూపేది) తేమ 8 శాతం వచ్చింది, ల్యాబ్ ఓవెన్‌లో 9.5. ఆ 9.5తో లెక్కేస్తే కంపాక్షన్ (పొర గట్టిదనం) చాలదని, లేయర్ ఫెయిలని బిల్లు ఆపేశారు. ఏది నమ్మాలండీ?

ల్యాబ్‌మనిషి: ఓవెన్నే. మీటర్ ముల్లు చూపేది తడి బరువు మీద శాతం, మనకి కావాల్సింది పొడి బరువు మీద. 8ని 92తో భాగిస్తే 8.7 శాతం. అలా మార్చి రాశారా?

గట్టుదారి: మార్చినా మిగతా 0.8 ఎక్కడిది?

లంకవాసి: రొయ్యల చెరువుల పక్కన ఏ లెక్కన వేసినా రోడ్డు దిగిపోతోందండి. ముందు అది చూడండి.

ల్యాబ్‌మనిషి: గ్రావెల్లో బంకమట్టి గడ్డలుంటాయి. గడ్డ చితక్కపోతే లోపలి నీటికి కార్బైడ్ తగలదు, గ్యాసు తక్కువ పుడుతుంది, ముల్లు కిందే ఆగిపోతుంది. పైగా మీటర్లో వేసేది 6 గ్రాములు. 37.5 మి.మీ. రాయి ఉన్న సరుకైతే మట్టి పరీక్షల ప్రమాణం ఐఎస్ 2720 ప్రకారం ఓవెన్‌లో కిలో పెట్టాలి.

గట్టుదారి: కిలోనా? అరచేతిలో పట్టే డబ్బాలో పెట్టారు, నేను అక్కడే ఉన్నాను. శాంపిల్ సంచికి మూతి కూడా కట్టకుండా ఎండలో బండి మీద పట్టుకెళ్లారు.

ల్యాబ్‌మనిషి: చిన్న డబ్బా తప్పే, ఒప్పుకుంటా. కానీ మూతి కట్టకపోతే దారిలో తేమ తగ్గుతుంది తప్ప పెరగదు. అంటే సైట్లో 9.5 కన్నా ఎక్కువే ఉండాలి. అది మీకే నష్టం.

గట్టుదారి: మీకు ఏసీ గదిలో లెక్క తేలిపోతుంది! ఓవెన్ రిజల్ట్ మర్నాటికి వస్తుంది. ఈలోగా రోలర్ పని అయిపోయి, పై లేయర్ టిప్పర్లొచ్చి నిలబడతాయి. నీళ్ల ట్యాంకరు ఆపాలా వద్దా అన్నది ఐదు నిమిషాల్లో తేలాలి నాకు.

ల్యాబ్‌మనిషి: ట్యాంకరుకి మీటర్ వాడుకోండి, ఎవరొద్దన్నారు? పాస్, ఫెయిల్ మాత్రం దాంతో తేల్చొద్దంటున్నా. శాండ్ రీప్లేస్‌మెంట్లో (పొరలో గుంత తవ్వి ఇసుకతో కొలిచే పరీక్ష) తడి సాంద్రత 2.20, ఎండీడీ (ల్యాబ్‌లో ఆ మట్టికి వచ్చే గరిష్ఠ పొడి సాంద్రత) 2.06 అనుకోండి. తడి సాంద్రతలోంచి తేమ తీసేస్తే పొడి సాంద్రత, అది ఎండీడీలో ఎంత శాతమో అదే కంపాక్షన్. తేమ 8 వేస్తే కంపాక్షన్ 98.9 శాతం. 8.7 వేస్తే 98.2. 9.5 వేస్తే 97.5. ఉండాల్సింది 98. ఒకటిన్నర శాతం తేడా జనం నడిచే రోడ్డుని పాస్ చేసేస్తోంది!

రోలర్‌బాబాయి: పని మొదలెట్టే ముందే అదే గ్రావెల్ని రెండింటిలోనూ పక్కపక్కన చూసి, తేడా రాసిపెట్టుకుంటే ఈ గొడవుండదు.

గట్టుదారి: ఏ గ్రావెల్ బాబాయ్? రాజానగరం వైపు మెట్టలో మొదటి గొయ్యి అయిపోతే రెండో గోతి నుంచి తోలుతున్నాం, అది ఎర్రగా, జిగటగా ఉంది. ఎండీడీ మాత్రం మొదటి గోతి మట్టితో తీసిందే. నా బాధ అదీ!

ల్యాబ్‌మనిషి: ఈ మాట మొదటే చెప్పాల్సిందండీ. రెండో గోతి మట్టికి ప్రోక్టర్ (ఎండీడీ తేల్చే పరీక్ష) మళ్లీ వేయించమని రాసివ్వండి. శాంపిల్ మీ ఎదురుగానే తీయమనండి. 9.5 మీద మాత్రం నా మాట మారదు.

గట్టుదారి: రాసిస్తా. కిలో పెట్టి మళ్లీ చూసేదాకా ఆ 9.5ని నేనూ ఒప్పుకోను.