పంది మెదడులోకి ఎక్కించే మందు కాన్యులా (సన్న గొట్టం) వెంబడి పైకి పాకుతోంది, ఏం మార్చాలి?

పంది థాలమస్‌లోకి (మెదడు లోతట్టు భాగం) ఎంఆర్ఐలో చూసుకుంటూ వైరల్ వెక్టర్ (జన్యువును మోసుకెళ్లేలా మార్చిన వైరస్) ఎక్కిస్తున్నాం. మెట్టున్న (మొన దగ్గర ఒక్కసారిగా సన్నబడే) సిలికా కాన్యులా, మెట్టు నుంచి మొనకు 3 మిల్లీమీటర్లు. ద్రావణంలో 2 మిల్లీమోలార్ గాడోటెరిడాల్ (ఎంఆర్ఐలో తెల్లగా కనబడే పదార్థం) కలిపాం. నిమిషానికి 1 మైక్రోలీటరుతో మొదలుపెట్టి మెల్లగా 5 దాకా పెంచుతున్నాం. 3 దాటగానే టీ1 (ఒక రకం ఎంఆర్ఐ) చిత్రంలో తెల్లటి గీత కాన్యులా వెంట పైకి పాకుతోంది.

గొట్టంలో గాలి బుడగల్లేవు. దించేటప్పుడే పంపు నడుస్తోంది, మొన మూసుకుపోలేదు, లైన్ పీడనం ఎగబాకట్లేదు. మా అనుమానం ఒక్కటే: పంది ఫ్రంటల్ సైనస్ (నుదుటి ఎముకలోని గాలి గది) పెద్దది, పుర్రె మందం, గురి కాస్త తప్పుతుంది, సరిచేయడానికి కాన్యులా లాగి మళ్లీ దించితే దారి వదులవుతోందేమో.

రిఫ్లక్స్ (మందు ఇలా వెనక్కి పాకడం) కనబడగానే వేగం తగ్గించాలా, పంపు ఆపి ఆగాలా, ఇంకో 1–2 మిల్లీమీటర్లు దించాలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ఒక్కో జంతువూ విలువైనదే, వృథా కాకూడదు.