తిరుపతి–పాకాల–కాట్పాడి రెండో లైను: పని ఎంతవరకు వచ్చిందో బయటి నుంచి చూసి ఎట్ల చెప్పాలి?

చంద్రగిరి_గేటు:
అన్నలారా, తిరుపతి–పాకాల–కాట్పాడి డబ్లింగ్‌కు 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. 104 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,332 కోట్లు. ఈ పనిని మొదటి నుంచి రైలు తిరిగే దాకా ఫొటోలతో, తేదీలతో పద్ధతిగా రికార్డు చేయాలని కొందరం అనుకుంటా ఉండాం. మాలో ఇంజినీర్లు ఎవరూ లేరు. కట్ట మీద మట్టి పోసి నెలల తరబడి వదిలేస్తే పని ఆగిపోయినట్టా? ఏది చూస్తే నిజమైన పురోగతి తెలుస్తుంది? పట్టాల దగ్గరికి పోకుండా ఇదంతా ఎట్ల గమనించాలి? తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కట్ట_మీద_కన్ను:
మంచి పని తమ్ముడూ. అయితే మట్టి కంటే ముందు కాగితాలతో మొదలుపెట్టండి. భూసేకరణకు రైల్వే చట్టంలో 20ఏ కింద నోటిఫికేషన్ వస్తుంది, దాని సారాంశం తెలుగు పేపర్లో కూడా వేయాల. దాని మీద అభ్యంతరాలకు 30 రోజుల గడువు. ఆ తర్వాత భూమి తీసుకుంటున్నట్టు తేల్చే 20ఈ డిక్లరేషన్. 20ఏ వచ్చిన ఏడాదిలోపు 20ఈ రాకపోతే నోటిఫికేషన్ చెల్లదు, మళ్ళా మొదటికి రావాల్సిందే. కాబట్టి ఏ గ్రామం, ఏ సర్వే నంబరు, ఏ తేదీ అని ఒక పట్టిక రాసుకోండి. ఒక చోట పని జరిగి పక్క ఊర్లో జరగకపోతే చాలాసార్లు కారణం ఆ పట్టికలోనే దొరుకుతుంది. టెండర్లు ఐఆర్ఈపీఎస్ అనే రైల్వే టెండర్ల సైటులో ఉంటాయి. టెండర్ పత్రంలో ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి, ఎన్ని కల్వర్టులు అని పరిమాణాలతో సహా రాసి ఉంటుంది. దాన్ని దించుకుని పెట్టుకుంటే మీరు చూసే ప్రతి గుంతకూ అర్థం తెలుస్తుంది.

ఇక మట్టి పని. కొత్త పనుల్లో రెండు లైన్ల నడిమధ్యల మధ్య దూరం కనీసం 5.3 మీటర్లు ఉండాల. తిన్నటి దారిలో ఒంటి లైను కట్ట పైవెడల్పు 7.85 మీటర్లు, జంట లైనుది 13.16. వాలు రెండుకు ఒకటి, అంటే 5 మీటర్ల ఎత్తు కట్టకు పాదం 10 మీటర్లు బయటికి వస్తుంది. రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకు ఇంత స్థలం ఎందుకని అనుమానం రావడానికి కారణం ఇదే.

పాత కట్ట పక్కన కొత్త మట్టి పోసే చోట ఒకటి తప్పకుండా చూడండి. పాత వాలును మెట్లు మెట్లుగా కోసి, ఆ మెట్ల మీద కొత్త పొర వేయాల. మెట్లు కోయకుండా గడ్డి మీదనే మట్టి దొర్లిస్తే రెండూ అతుక్కోవు. వానల తర్వాత కట్ట పొడవునా చీలిక వస్తుంది, కొత్త లైను ఒక పక్కకు కుంగుతుంది. పొర పొరకూ నీళ్ళు చల్లి రోలర్ తోలాల, ఒక్కో పొర 30 సెంటీమీటర్లు దాటకూడదు. కట్ట మీద జానెడు వెడల్పు గుండ్రటి గుంతలు కనిపిస్తే భయపడబాకండి, అవి ఇసుక పోసి సాంద్రత కొలిచిన గుర్తులు. ఆ పరీక్ష పాసయితేనే పై పొర పోస్తారు. పైభాగంలో వేసే గ్రావెల్ లాంటి బ్లాంకెట్ పొర వచ్చిందంటే అక్కడ మట్టి పని దాదాపు అయినట్టే.

ఇక మీరడిగిన ప్రశ్న: మట్టి కొంతకాలం ఖాళీగా ఉండటం మంచిదే, ఒక వానాకాలం తడిస్తే సర్దుకుంటుంది. వాలు మీద గడ్డి వేయకుండా, గట్టు తవ్విన కోత పక్కన నీళ్ళ కాలువ తీయకుండా వదిలితేనే నష్టం. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు ఒక్క రాత్రిలోనే కట్టకు గండ్లు కొట్టేస్తాయి.

నీవా_గట్టు:
పైన చెప్పింది సరే గానీ, నా లెక్కలో మట్టిని చూసి తేదీ చెప్పలేం. తేదీని నిర్ణయించేది వంతెనలు, యార్డులు. పది కిలోమీటర్ల కట్ట సిద్ధమైనా మధ్యలో ఒక్క వంక (వాగు) మీద నీళ్ళు పోయే కాంక్రీటు బాక్సు కట్టకపోతే కంకర లారీ కూడా ముందుకు పోదు.

మన లైనులో వంకలు ఎక్కువ. వానాకాలంలో తప్ప నీళ్ళు కనిపించవు కాబట్టి జనం వాటిని చిన్నచూపు చూస్తారు. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల వచ్చిన వరద చూసినవాళ్ళకు ఆ నమ్మకం పోయి ఉంటుంది. పాత లైను కింద తూము ఎంత వెడల్పు ఉందో, కొత్త లైను కింద అంతకు తగ్గకుండా, అదే వరుసలో కడతా ఉండారా అని చూడండి. కొత్త కట్ట పాత తూము నోటికి అడ్డంగా వస్తే నీళ్ళు పొలాల్లో నిలబడతాయి, పాత కట్ట పాదం కూడా నాని మెత్తబడుతుంది.

వంతెన గోడ వెనక నింపే పని మీద కూడా కన్ను పెట్టండి. గోడకు ఆనుకుని కనీసం 60 సెంటీమీటర్ల మందాన పెద్ద రాళ్ళు పేర్చాల, గోడలోని నీటి రంధ్రాలు తెరిచి ఉండాల. అక్కడ ఉత్త మట్టి తోస్తే నీళ్ళు బయటికి పోక గోడను నెడతాయి, వంతెన దాటగానే పట్టా దిగబడుతుంది. రైల్లో కూర్చున్నప్పుడు వంతెన చివర ‘దడ్’మని తగిలే కుదుపుకు చాలా చోట్ల కారణం ఇదే. రోడ్డు కింద నుంచి పోయే చోట, నడిచే లైను కింద బాక్సును జాకీలతో తోస్తారు, అది నెమ్మదిగా సాగే పని. కొత్త లైను కిందయితే అక్కడికక్కడే సెంట్రింగ్ కట్టి పోయొచ్చు. అందుకే ఒకే అండర్‌పాస్‌లో సగం ముందు, సగం వెనక అయినట్టు కనిపిస్తుంది.

యార్డుల్లో కష్టమైనవి మూడు: తిరుపతి, పాకాల, కాట్పాడి. పాకాలలో ధర్మవరం లైను కలుస్తుంది కాబట్టి అక్కడ రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పాయింట్లు, సిగ్నళ్ళు అన్నీ మార్చాల. కాట్పాడి చెన్నై–జోలార్‌పేట మెయిన్ లైను మీద ఉంది, దక్షిణ రైల్వే చెన్నై డివిజన్ పరిధిలోది. అక్కడ బ్లాకు, అంటే పని కోసం రైళ్ళు ఆపి ఇచ్చే సమయం, దొరకడం తేలిక కాదు. లైను ఒక్కసారిగా 104 కిలోమీటర్లూ తెరుచుకోదు, స్టేషన్ నుంచి స్టేషన్ దాకా ముక్కలుగా తెరుస్తారు. ఆ ముక్కలనే బ్లాక్ సెక్షన్లు అంటారు, మీ రికార్డు కూడా వాటి వారీగానే పెట్టుకోండి.

పాకాల_సౌత్_క్యాబిన్:
దూరం నుంచి గమనించే పద్ధతి నేను చెప్తాను. లైను ఎలక్ట్రిక్‌ది కాబట్టి ప్రతి స్తంభం మీద కిలోమీటరు, వరుస నంబరు రాసి ఉంటుంది. మీ ఫొటోకు, మీ పట్టికకు చిరునామా అదే. ప్యాసింజర్ రైలు కిటికీ నుంచి వీడియో తీసి, ఇంట్లో ఆపి ఆపి చూస్తూ స్తంభం నంబరు ప్రకారం రాసుకుంటే 104 కిలోమీటర్లు ఒక్క టికెట్టుతో అయిపోతుంది. కట్ట దగ్గరికి పోయే పనే లేదు. చేయి, ఫోను కిటికీ బయటికి పెట్టబాకండి.

ఈ స్తంభాలే ఇంకో విషయం కూడా చెప్తాయి. పట్టా మధ్య నుంచి స్తంభం సుమారు రెండున్నర, మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. కొత్త లైను స్తంభాల వైపే వస్తే, 5.3 మీటర్ల దూరంలో స్తంభం సరిగ్గా రెండు లైన్ల నడుమ ఇరుక్కుంటుంది. అప్పుడు స్తంభాలు మార్చాల, లేదా లైనును ఇంకా పక్కకు జరపాల. ఏ ముక్కలో కొత్త లైను ఏ వైపు వస్తోందో ముందే రాసి పెట్టుకుంటే తర్వాత జరిగేవి చాలా వరకు ఊహించొచ్చు.

ఉపగ్రహ చిత్రాలకు సెంటినెల్-2 ఉచితం. ఐదు రోజులకోసారి చిత్రం వస్తుంది, ఒక్కో చుక్క 10 మీటర్లు. కాబట్టి పట్టాలు కనిపించవు గానీ, 6 మీటర్ల ఎత్తు కొత్త కట్ట అయితే పాదం 30 మీటర్లు దాటుతుంది, ఎర్రటి గీతలాగా తెలిసిపోతుంది. పాత కట్టకు ఆనించి వెడల్పు చేసే చోట మాత్రం గీత సన్నం, ఒకటి రెండు చుక్కలే. నవంబరులో మేఘాల వల్ల వారాల తరబడి ఏమీ కనిపించదు. జనవరి నుంచి మే దాకా తీసినవి పోల్చుకోండి.

నేల మీద ఫొటోలకు ఓవర్‌బ్రిడ్జిలు, గేట్ల బయట రోడ్డు చాలు. అదే చోటు, అదే ఎత్తు, అదే జూమ్. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి అడుగుపెడితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికంటే ముఖ్యం ప్రాణం. యంత్రాల చప్పుడులో వెనక వచ్చే రైలు వినిపించదు.

చంద్రగిరి_గేటు:
చాలా ఉపయోగపడింది అన్నా. ఇంకొక్కటి. వేరే డబ్లింగ్ పనుల్లో పట్టాలు పరిచేసినాక కూడా చాన్నాళ్ళు రైలు తోలలేదు. పట్టా పడినాక ఇంకేం మిగులుతుంది?

260_మీటర్ల_ప్యానెల్:
పట్టా పరచడం సులువు, దాన్ని నిలబెట్టడమే కష్టం తమ్ముడూ. మెయిన్ లైనులో కిలోమీటరుకు 1,660 కాంక్రీటు స్లీపర్లు. ఒక్కోటి పావు టన్నుకు పైనే బరువు. స్లీపరుకు నాలుగు క్లిప్పులు, అంటే కిలోమీటరుకు 6,640. స్లీపర్ కింద కనీసం 30 సెంటీమీటర్ల కంకర, రాయి సైజు 20 నుంచి 65 మిల్లీమీటర్లు. మొదటిసారి పరిచినప్పుడు కంకర సగమే ఉంటుంది. మిగతాది పట్టా మీద వ్యాగన్లతో తెచ్చి పోసి, ట్యాంపింగ్ మిషన్‌తో లేపి, మళ్ళా పోసి, మళ్ళా లేపుతారు. ట్యాంపింగ్ అంటే స్లీపర్ల కింద కంకర కుక్కడం. స్లీపర్ల చివర్ల (భుజాల) దగ్గర కంకర నిండుగా లేకపోతే ఎండకు పట్టా పాము మాదిరి వంకర తిరుగుతుంది. 260 మీటర్ల ప్యానెల్ (ముందే అతికించి తెచ్చే పొడుగాటి పట్టా) ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే, పట్టి ఉంచేది లేకపోతే 12 సెంటీమీటర్లు సాగుతుంది. ఆ బలాన్నంతా కంకర, క్లిప్పులే ఆపాల.

అందుకే ప్యానెళ్ళను థర్మిట్ వెల్డింగ్‌తో కలిపినాక, నిర్ణయించిన ఉష్ణోగ్రత దగ్గర క్లిప్పులు విప్పి, ఒత్తిడి తీసేసి, మళ్ళా బిగిస్తారు. దీన్ని డీస్ట్రెస్సింగ్ అంటారు. ఎండ ముదిరిన మధ్యాహ్నం చేయరు. వెల్డింగ్ సందు 25 మిల్లీమీటర్లు. అచ్చులో తడి ఉంటే లోపల గాలి బుడగలు ఏర్పడతాయి, పైకి కనిపించవు. అందుకే ప్రతి అతుకునూ అల్ట్రాసోనిక్ యంత్రంతో పరీక్షిస్తారు. ఫెయిలైన అతుకును కోసి మళ్ళా వేయాల్సిందే. ఈ ఒక్క విషయంలో ఆలస్యం జరిగితే తిట్టుకోవద్దు.

పట్టా వెనకాల పై కరెంటు తీగల పని, అంటే ఓహెచ్‌ఈ. స్తంభాల మధ్య గరిష్ఠ దూరం 72 మీటర్లు, మలుపుల్లో తగ్గుతుంది. స్తంభాలు, బ్రాకెట్లు, తీగ, ఈ వరుసలో వస్తాయి. 25 కేవీ కరెంటు ఎక్కించే ముందు, కొత్త తీగలకు దూరంగా ఉండండని పేపర్లో ప్రకటన వేస్తారు. దాన్ని తప్పకుండా కత్తిరించి దాచుకోండి, తేదీకి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. చివరగా యార్డులో పాయింట్లు, సిగ్నళ్ళను కలిపే భద్రతా వ్యవస్థను కొన్నాళ్ళు తీసేసి కొత్త లైనును కలిపే పని, అంటే నాన్ ఇంటర్‌లాకింగ్. కొన్ని రోజులు రైళ్ళ రద్దు, దారి మళ్ళింపు అని ప్రకటన వస్తుంది. ఆ తర్వాత రైల్వే సేఫ్టీ కమిషనర్ తనిఖీ. ఆయన పౌర విమానయాన శాఖ కింద ఉంటారు, రైల్వే బోర్డు కింద కాదు. మోటార్ ట్రాలీ మీద వంతెన వంతెనకూ ఆగి చూసి, తిరుగు ప్రయాణంలో స్పీడ్ ట్రయల్ చేస్తారు. అనుమతి వచ్చినా మొదట్లో వేగం తక్కువే పెట్టి, కంకర గట్టిపడే కొద్దీ పెంచుతారు.

కాబట్టి మీ పట్టికలో ఒక్కో బ్లాక్ సెక్షన్‌కు ఈ గడులు పెట్టండి: 20ఈ తేదీ, కట్ట, బ్లాంకెట్, వంతెనలు ఎన్నింటికి ఎన్ని, పట్టా, ట్యాంపింగ్, తీగ, కరెంటు, ఎన్ఐ (నాన్ ఇంటర్‌లాకింగ్), సీఆర్ఎస్ (సేఫ్టీ కమిషనర్ తనిఖీ). వంతెనల గడి నిండని సెక్షన్‌కు ప్రారంభ తేదీ రాయబాకండి, ఎవరు చెప్పినా సరే.

నీవా_గట్టు:
దానికి ఒక గడి కలపండి: పాత లైను మీద వేగ నియంత్రణ. కొత్త పని పక్కన పాత లైనులో వేగం తగ్గించమని పసుపు కాషన్ బోర్డులు పెడతారు. అవి ఏ స్తంభం దగ్గర నుంచి ఏ స్తంభం దాకా ఉన్నాయో రాసుకుంటే, ఆ వారం ఏ ముక్కలో తవ్వకం నడుస్తోందో తెలుస్తుంది. మొదటి వీడియో వానలు మొదలయ్యే ముందే తీయండి, ఇప్పుడున్న తూములన్నీ ఆకుల చాటు లేకుండా కనిపిస్తాయి.