పాప ముక్కు మీద ఎర్ర గడ్డ: మందు వేయాలా, ఆగాలా?

సైనిక్‌పురి అమ్మ: మా పాపకు మూడో నెల. పుట్టిన కొన్ని వారాలకు ముక్కు కొన మీద కనిపించిన ఎర్ర చుక్క ఇప్పుడు బఠాణీ గింజంత అయింది. హిమాంజియోమా అట. క్యాన్సర్ కాదు, రక్తనాళాల గడ్డ. డాక్టరు ప్రొప్రనొలాల్ మొదలుపెడదామన్నారు. గుండె మందని తెలిసి మా అత్తగారు ససేమిరా అంటున్నారు. మీరైతే ఏమి చేస్తారు?

మల్కాజిగిరి తాత: ఏమీ చేయను. మా మనవడికి వీపు మీద ఇలాంటిదే ఉండేది, బడికి వెళ్ళే వయసుకు అణిగిపోయింది. దానంతట అదే పోయేదానికి పసిబిడ్డకు గుండె మందు ఎందుకమ్మా?

తార్నాక: తాతగారూ, వీపు వేరు, ముక్కు కొన వేరు. గడ్డ కరిగినా సాగిన చర్మం, కొవ్వు మిగిలిపోవచ్చు, ముక్కు ఆకారం మారవచ్చు. ఇవి పెరిగేది చాలావరకు మొదటి ఐదు నెలల్లోనే, తగ్గడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. చూద్దాం చూద్దాం అనేలోపు పెరగవలసినదంతా పెరిగిపోతుంది. అదే కనురెప్ప మీదైతే చూపుకే ముప్పు.

గుండె మందంటారా, 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు గుండె సమస్యకు దీన్ని వేసిన బిడ్డలో హిమాంజియోమా కూడా తగ్గడం గమనించారు. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ గడ్డల కోసమే దీన్ని ఆమోదించింది. అంతకు ముందు స్టెరాయిడ్లు వాడేవారు, వాటితో పోలిస్తే ఇది ఎంతో నయం.

మల్కాజిగిరి తాత: అయితే భయమే లేదంటారా?

నాచారం నర్సు: ఎందుకు లేదు? రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే పాలు తాగించాకే వేయాలి. పాలు తాగకపోయినా, వాంతులైనా, పిల్లికూతలు వచ్చినా ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయాలి. మొదలుపెట్టే ముందు గుండె వేగం, బీపీ చూస్తారు. బిడ్డ బరువు పెరిగే కొద్దీ మోతాదు మారుస్తారు కాబట్టి పాత చీటీతో మందు కొనేయకూడదు. పలుచగా, చిన్నగా ఉంటే పైపూతగా టిమొలాల్ చుక్కలు వేస్తారు. ఉబ్బిన గడ్డకు అవి సాధారణంగా చాలవు. సున్నం పెట్టి కాల్చమనే పెద్దలు మన కాలనీల్లో ఇంకా ఉన్నారు, వారి మాట మాత్రం వినకండి.

మల్కాజిగిరి తాత: మా వాడి విషయంలో ఆగడమే మేలైంది, ఆ మాట మార్చను. ముక్కు మీద అంటే మాత్రం ఇంకో డాక్టరుకు చూపించు తల్లీ.

తార్నాక: చూపించండి, కానీ ఈ వారంలోనే. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది, పిల్లల చర్మవైద్యులు నగరంలో వేరేచోట్లా ఉన్నారు. అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్ళి, ఆవిడ అడగదలచినదంతా డాక్టరునే అడగనివ్వండి.