హోలిస్టిక్ న్యూట్రిషనిస్టులకు గోళ్లు, నాలుక, బ్లడ్ రిపోర్టు చూడటం నేర్పాలా, వద్దా?

కోర్సు విద్యార్థిని:
హోలిస్టిక్ న్యూట్రిషన్ చదువుతున్నాను. ఈ టర్మ్‌లో క్లినికల్ అసెస్‌మెంట్ మొదలైంది. గోళ్లు, నాలుక, కళ్లు, చర్మం చూడటం, బ్లడ్ రిపోర్టు చదవడం నేర్పుతున్నారు. దీని మీద మా బ్యాచ్ రెండు వర్గాలైంది. జబ్బు కనిపెట్టడం మన పని కానప్పుడు ఇవన్నీ ఎందుకని కొందరి వాదన. ఎదురుగా కూర్చున్న మనిషిని చూడటమే రాకపోతే డైట్ చార్ట్ ఏం ఇస్తామని మిగతావాళ్లు. నేను రెండో వైపే. మీరేమంటారు?

వైద్యురాలు:
వద్దనే అంటాను. యాభై దాటిన ఒకాయన ఆర్నెల్ల నీరసంతో నా దగ్గరికి వచ్చారు. హిమోగ్లోబిన్ తక్కువుందని ఒక న్యూట్రిషనిస్టు ఐరన్ మాత్రలు ఇచ్చి, తిండి మార్పించారట. అంకె కాస్త పెరగడంతో ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ వయసు మగవాళ్లలో ఐరన్ పడిపోయిందంటే ముందు రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. ఆయనకు పెద్దపేగులో గడ్డ ఉంది. రిపోర్టు చదవడం వచ్చిందన్న ధైర్యమే ఆ ఆర్నెల్లూ మింగేసింది.

ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి:
నేర్పాలా వద్దా అన్నదాని కంటే ఏం నేర్పుతున్నారన్నది చూడాలండీ. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ నార్మల్‌గా ఉంటే ఐరన్ బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. ఒంట్లో ఇన్ఫెక్షనో వాపో ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది, అడుగున ఐరన్ లేకపోయినా పైకి కనబడదు. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ డోసులో వాడేవాళ్లకు కొన్ని థైరాయిడ్ పరీక్షలు తప్పుగా వస్తాయి. న్యూట్రిషనిస్టులూ సప్లిమెంట్లు రాసిస్తారు కాబట్టి వాళ్లకు ఇది తెలియకపోతే ఎలా?

కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం చూసి జబ్బు చెప్పడం, వెంట్రుకల్లో ఖనిజాలు కొలవడం మాత్రం సిలబస్‌లో ఉండకూడదు. ఒకే మనిషి వెంట్రుకలను 6 ల్యాబులకు పంపితే ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయని 2001లోనే ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఐజీజీ అనే ఒక రకం యాంటీబాడీని రక్తంలో కొలిచి, ఫలానా ఆహారం పడదని చెప్పే పరీక్షలదీ అదే కథ. ఒక పదార్థం తింటున్నారంటే ఐజీజీ కనిపించడం మామూలే. దాన్ని పట్టుకుని పాలు, గోధుమ, గుడ్డు అన్నీ మాన్పిస్తే లేని పోషక లోపం వచ్చి కూర్చుంటుంది.

కోర్సు విద్యార్థిని:
డాక్టర్ గారూ, మీరు చెప్పిన కేసు వినగానే బాధేసింది. కానీ నా వాదనకు బలం అదే. శిక్షణ సరిగ్గా ఉంటే ఆ న్యూట్రిషనిస్టు మొదటి రోజే మలం నల్లగా వస్తోందా, ప్రయత్నించకుండానే బరువు తగ్గారా అని అడిగి ఆయన్ను మీ దగ్గరికి పంపేవారు. గోళ్ల మీద తెల్ల మచ్చలు కాల్షియం లోపమని నేనూ నమ్మేదాన్ని. చాలావరకు అవి గోరుకు తగిలిన చిన్న దెబ్బలేనని క్లాసులోనే తెలిసింది. అదే గోరు చెంచాలా గుంట పడి, దాని మీద నీటిబొట్టు జారకుండా నిలిచిందంటే ఐరన్ సంగతి చూడాల్సిందే. బి12 తగ్గినవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించినా, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయని కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇవి తెలియకుండా సలహా ఇవ్వడమే ప్రమాదం కదండీ?

వైద్యురాలు:
ఎప్పుడు ఆగాలో, ఎవరి దగ్గరికి పంపాలో నేర్పే చదువైతే నాకూ సమ్మతమే. అయితే అది వీడియోలు చూసి వచ్చేది కాదు. కాలి వాపు చూడాలంటే చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి, వదిలాక గుంట ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. అనుభవమున్నవాళ్లు పక్కన నిలబడి మన వేలు సరిచేస్తే తప్ప అది చేతికి రాదు. పోషకాహార లోపమని వాపును వదిలేస్తే వెనక గుండో కిడ్నీయో ఉండొచ్చు. మీ కోర్సులో ఇప్పటిదాకా ఎంతమంది పేషెంట్లను చూపించారు?

కోర్సు విద్యార్థిని:
ఒక్కరిని కూడా చూపించలేదండీ. ఒకరి కాళ్లు ఒకరం నొక్కుకుని చూస్తున్నాం, మాలో ఎవరికీ వాపు లేదు. ఈ టర్మ్ అయ్యేలోపు క్లినిక్‌లో కూర్చోబెట్టమని రేపే రాతపూర్వకంగా అడుగుతాను.