కటానియా మొనాస్టరీ + కార్తీక వనభోజనం: వాలంటీర్లు ఇక్కడే చెప్పండి

ప్రోగ్రామ్ టీమ్:
అందరికీ నమస్కారమండీ. ఇటలీలోని సిసిలీలో, మన కటానియా ఊళ్ళోనే వనభోజనం, నవంబర్ రెండో శనివారం ఫిక్స్. మధ్యాహ్నం విల్లా బెల్లీని పార్కులో భోజనాలు, దానికి ముందు పొద్దున పియాత్సా దాంతే అనే కూడలి దగ్గరున్న బెనెడిక్టైన్ మొనాస్టరీ, అంటే బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల పాత మఠం. కొంతమంది "ఇంకో చర్చే కదా, బయట ఫొటో దిగి పోదాం" అంటున్నారు, అలా చేస్తే అసలు సంగతి మిస్సయినట్టే. అది ఇప్పుడు కటానియా యూనివర్సిటీ హ్యుమానిటీస్ డిపార్ట్‌మెంట్, లోపల పిల్లలు క్లాసులకి తిరుగుతుంటారు, యునెస్కో లిస్టులో ఉన్న బిల్డింగ్‌లో బ్యాగులేసుకుని లెక్చర్‌కి పరిగెత్తడమంటే మామూలు విషయమా!

కథ ఏంటంటే, 1558లో మఠం మొదలైంది, 1669లో ఎట్నా అగ్నిపర్వతం లావా ఊళ్ళోకి దిగి సరిగ్గా ఈ గోడల దాకా వచ్చి గడ్డకట్టింది, బిల్డింగ్ బతికింది గానీ పక్కన చర్చి దెబ్బతింది, సరే గండం గడిచింది అనుకుంటే 1693 జనవరిలో భూకంపం వచ్చి ఊరంతా నేలమట్టం, సన్యాసుల్లో చాలామంది పోయారు. 1702లో మళ్ళీ కట్టడం మొదలెట్టారు. ఆ లావాని తవ్వి పారేయలేదు, దాని మీదే వంటగది, భోజనశాల, తోట కట్టేశారు! అందుకే తోట ఎక్కడో పైన ఉంటుంది. వంటగదిలో మధ్యన పేద్ద పొయ్యి, ఆ గది కిందికి దిగితే ఆ నల్ల లావా రాయి కనిపిస్తుంది, చేత్తో తాకేంత దగ్గర్లో.

1866లో ప్రభుత్వం మఠాల్ని స్వాధీనం చేసుకున్నాక సైన్యం, స్కూళ్ళు ఇలా అందరూ వాడేశారు, చివరికి 1977లో యూనివర్సిటీ చేతికొచ్చింది, జాన్‌కార్లో దె కార్లో అనే ఆర్కిటెక్ట్ ఏళ్ళ తరబడి దీన్ని బాగుచేయించాడు.

ఫుడ్ టీమ్:
అన్నా కథ బావుంది గానీ లోపలికి డబ్బాలు తీసుకెళ్ళకూడదు కదా? పులిహోర, దద్దోజనం, గారెలు, గుత్తొంకాయ కూర ఎవరింట్లో వాళ్ళు వండి తేవాలి, పార్కులో పొయ్యి వెలిగించే సీన్ లేదు. అరిటాకులు దొరకవు, పేపర్ ప్లేట్లతోనే. ఉసిరి చెట్టు గురించి అడగొద్దు ప్లీజ్, ఏ చెట్టు కిందైనా పచ్చగా ఉంటే చాలు.

ప్రోగ్రామ్ టీమ్:
డబ్బాలు కార్లో ఉంచేసి ఎవరో ఒకరు కాపలా ఉండాలక్కా. అన్నట్టు ఆ సన్యాసులు పెద్ద ఇళ్ళ పిల్లలేనట, భోజనాలూ అదే లెవెల్లో, వంటగది సైజు చూస్తే మీకే అర్థమవుతుంది.

ట్రాన్స్‌పోర్ట్:
మెస్సినా ఊరి నుంచి వచ్చేవాళ్ళు ట్రైన్‌లో కటానియా సెంట్రాలే స్టేషన్లో దిగి అక్కణ్ణుంచి మెట్రోలో స్టెసికోరో స్టేషన్, తర్వాత నడకే, కొంచెం ఎత్తు ఎక్కాలి. నేనైతే విఆ క్రోచిఫేరి అనే వీధి మీదుగా తీసుకెళ్తా, దారంతా బరోక్ చర్చిలే, ఫొటోలు అక్కడ దిగండి కావాలంటే. స్ట్రాలర్లు ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, రాళ్ళ రోడ్డు మీద చక్రాలు గడగడలాడతాయి.

ప్రోగ్రామ్ టీమ్:
గైడ్ టూర్ టికెట్లు నేను చూస్తా, ఇంగ్లీషు గైడ్ కావాలి కాబట్టి ముందే మాట్లాడాలి. ఆంటీలకి మెట్ల ఇబ్బంది లేకుండా లిఫ్ట్ సంగతి కూడా బుకింగప్పుడే అడుగుతా. టూర్ లేకుండా ఊరికే క్లాయిస్టర్లో (మఠం లోపలి వసారాల చుట్టూ ఉన్న ఆవరణలో) తిరిగొచ్చేస్తే సరిపోదు, లావా మీది వంటగది చూడకపోతే వేస్ట్.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, శనివారమైనా చదువుకునే పిల్లలుండొచ్చు. స్పీకర్‌లో పాటలు, గ్రూప్ నినాదాలు, కారిడార్లో పిల్లల పరుగుపందేలు అన్నీ పార్కులో పెట్టుకుందాం. ఆ కారిడార్ ఎంత పొడుగో, చిన్న మాట కూడా ఆ చివరికి పోతుంది.

కొత్త స్టూడెంట్:
అక్కా నేను పక్క డిపార్ట్‌మెంటే, కాపలాకి ఓకే, గారెలు మిగల్చండి నాకు.

ఫుడ్ టీమ్:
నీకు విడిగా డబ్బా కట్టి పెడతా తమ్ముడూ. మిగతావాళ్ళు ఎవరేం వండుతున్నారో శుక్రవారం లోపు ఇక్కడ రాయండి, నలుగురూ పులిహోరే తెస్తే మాత్రం నేను ఊరుకోను.